మా అమ్మాయి స్పెషల్ ఎడ్యుకేటర్ అవుతానంటోంది, ఏ కోర్సు చేయించాలి?

ప్రశ్న: మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. చదవడంలో, రాయడంలో ఇబ్బంది పడే పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ అవుతానంటోంది. వాళ్ల తమ్ముడికి డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమవడం) ఉంది, ఇప్పుడు ఏడో తరగతి. రోజూ సాయంత్రం వాడికి చదువు చెప్పేది అమ్మాయే. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రెండేళ్ల డిగ్రీ చేయించాలా, లేక ఆన్‌లైన్‌లో మూడు నెలల మల్టీసెన్సరీ (చూపు, వినికిడి, స్పర్శ కలిపి నేర్పే) సర్టిఫికెట్ కోర్సు చేయించి సొంతంగా సెంటర్ పెట్టించాలా? రెండూ పోల్చి చెప్పండి. తమ్ముడి మీద జాలితో తన జీవితం పాడుచేసుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: సార్, మీరు ఆఖర్న రాసిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. పైన కోర్సుల పోలిక అడుగుతారు, అడుగున ఉండేది మాత్రం మా పిల్ల తప్పు దారిలో పోతోందా అన్న దిగులు. ఆ దిగులు తీరకుండా నేను ఏ కోర్సు పేరు చెప్పినా మీకు నిద్ర పట్టదు.

జాలితో వచ్చినవాళ్లు ఈ పనిలో ఎక్కువ కాలం నిలబడలేరన్నది నిజమే. పిల్లవాడు ఒక మాట దగ్గర తడబడగానే మనసు ఆగక తామే చదివేస్తారు, లెక్క సగంలో ఆగితే మిగతా సగం తామే చేసేస్తారు, ఆ పూటకి పిల్లవాడికి హాయిగానే ఉంటుంది గానీ నేర్చుకున్నదేమీ ఉండదు, ఏడాది తిరిగేసరికి టీచర్‌కీ విసుగొచ్చేస్తుంది. నిలబడేవాళ్లు వేరే రకం. వీడు సరిగ్గా ఇక్కడే ఎందుకు తప్పుతున్నాడు అన్న ప్రశ్న వాళ్లని వదలదు. మీ అమ్మాయి ఏ రకమో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. తమ్ముడి చదువు ఎలా ఉందమ్మా అని అడగండి. "పాపం, వాడికి రావట్లేదు నాన్నా" అంటే కొంచెం ఆలోచించాలి. "చిన్న మాటలు బాగానే చదువుతున్నాడు, ఒత్తు వచ్చిన చోట ఆగుతున్నాడు, పెద్ద మాటైతే మొదటి రెండక్షరాలు చూసి మిగతాది ఊహించేస్తున్నాడు" అని చెప్పిందనుకోండి, ఆ అమ్మాయికి ఈ పని మీద నిజంగానే ఆసక్తి ఉంది, మీరు అడ్డుపడకండి.

ఎందుకంటే ఈ ఉద్యోగంలో రోజంతా జరిగేది అదే. పిల్లవాడు 'కోట' అన్నచోట 'కొట' అని పదేపదే చదువుతుంటే దీర్ఘం గుర్తు దగ్గర చూడాలి. 'అమ్మ'ని 'అమ' అంటుంటే ఒత్తు దగ్గర. 'పడవ'ని 'వడప' అంటే మాత్రం ప, వ ఆకారాలు కలిసిపోతున్నాయా, అక్షరాల వరుస తప్పుతోందా అన్నది ఇంకొన్ని మాటలు చదివిస్తే గానీ తేలదు. ఈ మూడు తప్పులకీ ఇళ్లలో వేసే శిక్ష ఒకటే, పదిసార్లు రాయమనడం. పదిసార్లూ అదే తప్పు రాసి, చెయ్యి నొప్పితో పిల్లవాడు లేచిపోతాడు. శిక్షణ ఉన్న టీచర్ మూడింటికీ మూడు రకాల అభ్యాసాలు ఇస్తుంది.

చాలామంది డిస్లెక్సియా పిల్లలకు చిక్కు చూపులోనూ వినికిడిలోనూ ఉండదు, మాటలోని ధ్వనుల్ని విడదీసి పట్టుకోవడంలో ఉంటుంది. అందుకే పుస్తకం తెరవకముందే నోటి మాటతో పని మొదలవుతుంది. 'గుడిసె'లో చివరి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది? ఇలాంటి ప్రశ్నలు చూడ్డానికి ఆటలా ఉంటాయి గానీ వాటికో వరుస ఉంటుంది, తేలికైనది బాగా వచ్చాకే తరవాతది. ఎల్కోనిన్ అనే సోవియట్ మనస్తత్వవేత్త కాగితం మీద గడులు గీసి, ఒక్కో ధ్వని పలికినప్పుడల్లా ఒక్కో బిళ్లని గడిలోకి జరిపించేవాడు, ఆ పద్ధతి ఇవాళ్టికీ తరగతుల్లో నడుస్తోంది. లెక్కల్లో కూడా అంతే. 23లోంచి 8 తీసివేయడం రాని పిల్లకి ముందు పుల్లల కట్టలు ఇచ్చి పది కట్టని తన చేత్తోనే విప్పించాలి, తరవాత అదే బొమ్మగా గీయించాలి, అంకెలు ఆ తరవాత. వస్తువు, బొమ్మ, గుర్తు అన్న ఈ వరుసకి మూలం 1966లో అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ రాసిన దాంట్లో కనిపిస్తుంది. ఇంట్లో మనం చేసే పొరపాటు నేరుగా అంకెల్లోకి దూకడం.

ఇంకొకటి కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో స్టాన్లీ డెనో బృందం అభివృద్ధి చేసిన కొలత పద్ధతి. పిల్లవాడి స్థాయికి తగిన పాఠాన్ని సరిగ్గా ఒక్క నిమిషం బయటికి చదివిస్తారు, తప్పులేకుండా చదివిన మాటలు లెక్కపెట్టి గ్రాఫ్ మీద ఒక చుక్క పెడతారు, ప్రతి వారం ఇదే పని. కొన్ని వారాలైనా గీత పైకి లేవకపోతే మార్చాల్సింది తన పద్ధతిని అని టీచర్‌కి అర్థమవుతుంది, "వీడింతే" అని పిల్లవాడి మీదకి నెట్టే వీలుండదు. ఈ అలవాటు లేని టీచర్ ఎంత ప్రేమగా చెప్పినా నాకు నమ్మకం కుదరదు.

ఇక మూడు నెలల సర్టిఫికెట్ సంగతి. దీని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. మల్టీసెన్సరీ అన్న మాట ఇప్పుడు బాగా అమ్ముడుపోతోంది. ఇసుకలో వేలితో అక్షరం దిద్దడం, గరుకు కాగితం మీద రాయడం, గాల్లో రాయడం, వీటి ఫొటోలు చూస్తే ఎవరికైనా నచ్చుతాయి. ఈ దారి చాలావరకు 1930ల్లో శామ్యూల్ ఆర్టన్ అనే నాడీ వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే విద్యావేత్త వేసిన బాట నుంచి వచ్చింది. వాళ్ల పద్ధతిలో ఇసుక కంటే ముఖ్యమైనవి ఉన్నాయి: ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని దాచకుండా, నేరుగా, వరుసలో చెప్పడం, నిన్నటిది మళ్లీ చూసుకుని ఇవాళ్టిది కలపడం. క్రమపద్ధతిలో ధ్వని-అక్షర సంబంధం నేర్పితే చదువు మెరుగవుతుందని 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక గట్టిగానే చెప్పింది. కానీ ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పేరు మీద నడిచే కార్యక్రమాల అధ్యయనాలన్నీ కలిపి 2021లో విశ్లేషిస్తే, ఫలితం మంచివైపే మొగ్గింది గానీ గణాంకపరంగా ఇది తేలింది అనేంత బలంగా రాలేదు. పద్ధతి పనికిరాదని దీనర్థం కాదు. సర్టిఫికెట్ మీద ఆ పేరుంటే చాలు, పిల్లలకు చదువొచ్చేస్తుంది అనుకోవద్దని మాత్రం కచ్చితంగా అర్థం.

మీరు చూస్తున్న కోర్సు సిలబస్ ఒకసారి తెప్పించుకుని చదవండి. అందులో మీ పిల్లవాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, కదిలి నేర్చుకునే రకమా అని పరీక్ష పెట్టి దాని ప్రకారం బోధించే పాఠం ఉంటే అక్కడే ఆగిపోండి. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు దొరికిన అధ్యయనాలన్నీ పరిశీలించి, రకాన్ని బట్టి బోధన మారిస్తే లాభముందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అయినా ఆ పాఠం ఇంకా డబ్బులకి చెబుతూనే ఉన్నారు. రంగు కళ్లద్దాలు, కంటి కసరత్తులతో డిస్లెక్సియా తగ్గుతుందని ఉంటే కూడా అంతే, అమెరికా పిల్లల వైద్యులూ కంటి వైద్యులూ కలిసి 2009లోనే వాటికి ఆధారం లేదని ప్రకటించారు. ఇలాంటివి నేర్చుకుని మీ అమ్మాయి సెంటర్ పెడితే నష్టపోయేది తనొక్కతే కాదు సార్. నమ్మి వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఒక విద్యా సంవత్సరం పోతుంది, అది తిరిగి రాదు.

పైగా సొంత సెంటర్ అంటే ఏమిటో ఆలోచించారా? డిగ్రీ అప్పుడే అయిన అమ్మాయి ముందు ఎనిమిదేళ్ల పిల్లవాడిని కూర్చోబెట్టి "వీడికి చదువు రావట్లేదు, మూడు నెలల్లో బాగుచేయండి" అంటారు. వాడి ఇబ్బంది వినికిడిదా, చూపుదా, శ్రద్ధ నిలవకపోవడమా, మేధోపరమైన వైకల్యమా, నిజంగా డిస్లెక్సియానా, లేక ఇంతవరకు ఎవరూ సరిగ్గా చెప్పకపోవడమా? పక్కన అడగడానికి అనుభవం ఉన్న మనిషి ఒక్కరూ ఉండరు. ఆ తల్లిదండ్రుల తొందర, సెంటర్ ఖర్చుల తొందర కలిసి మీ అమ్మాయి నోటి వెంట ఇవ్వకూడని హామీలు ఇప్పిస్తాయి. జీవితం పాడవుతుందని మీరు భయపడుతున్నారే, దానికి దగ్గర దారి ఇదే, దీన్ని మీరే చూపిస్తున్నారు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను: డిగ్రీనే చేయించండి, మీరుండే చోట స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడానికి అధికారిక గుర్తింపు ఉన్నదే. అలాగని డిగ్రీ అని పేరుంటే చాలనుకోకండి. కొన్నిచోట్ల రెండేళ్లూ నిర్వచనాలు, వర్గీకరణలు బట్టీ పట్టించి, ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం పెట్టి పంపేస్తారు. చేరేముందు ఆ కాలేజీలో చివరి ఏడాది చదువుతున్నవాళ్లని కలవండి. ఒకే పిల్లవాడితో వరసగా ఎన్ని నెలలు పనిచేశారు, పాఠం చెబుతుంటే వెనక ఎవరైనా కూర్చుని చూసి తప్పులు చెప్పారా, ప్రగతిని కొలవడం నేర్పారా, చదవడం ఒక్కటేనా, రాతా లెక్కలూ కూడా చేయించారా అని అడగండి. జవాబులు తడబడితే ఇంకో కాలేజీ చూసుకోండి. సర్టిఫికెట్ కోర్సు డిగ్రీ తరవాత, ఒకటి రెండేళ్లు తరగతిలో పనిచేశాక చేసుకోవచ్చు, అప్పటికి ఏది పనికొచ్చేదో ఏది ప్రచారమో తనకే తెలుస్తుంది.

ఉద్యోగంలో ఎదుగుదల గురించి కంగారు వద్దు. డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన లోపాలు బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఉంటాయని అమెరికా మానసిక వైద్యుల సంఘం వర్గీకరణ గ్రంథం అంచనా. నలభై మంది తరగతిలో ఇద్దరి నుంచి ఆరుగురు. ఈ పిల్లల కోసం స్కూళ్లలో రిసోర్స్ గది (వాళ్లకి విడిగా పాఠం చెప్పే గది) ఉంటుంది, మామూలు టీచర్‌తో కలిసి పాఠం చెప్పే పని ఉంటుంది, పిల్లల ఇబ్బంది ఏమిటో పరీక్షించి తేల్చే అసెస్‌మెంట్ బృందంలో పని ఉంటుంది, బోధన సామగ్రి తయారీ, టీచర్లకు శిక్షణ, పరిశోధన ఉంటాయి. సైకాలజీ చదివిన అమ్మాయి కాబట్టి పై చదువుకి ఇంకో దారి కూడా తెరిచే ఉంటుంది. తన తోటివాళ్లలో కొందరికి తొందరగా పెద్ద జీతాలు రావచ్చు, అది చూసి మీరు నాలుగు రోజులకోసారి పోల్చి మాట్లాడితే మాత్రం కష్టం. రిపోర్టులు రాసే పని చాలా ఉంటుంది. ఒక్క టీచర్‌కి మరీ ఎక్కువమంది పిల్లల్ని అప్పగించే స్కూళ్లూ ఉన్నాయి, అలాంటి చోట మనుషులు అలసిపోతారు, ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ సంగతి ముందే అడగాలి.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. రోజూ సాయంత్రం తమ్ముడికి చదువు చెప్పేది అమ్మాయే అని మామూలు విషయంలా రాశారు. ఆ బాధ్యత తనకి ఎవరిచ్చారు? మీ ఉత్తరంలో బాబు స్కూల్ ప్రస్తావన ఒక్కటీ లేదు, క్లాస్ టీచర్‌కి బాబు డిస్లెక్సియా రిపోర్టు చూపించారా, పరీక్షల్లో అదనపు సమయం అడిగారా, ప్రశ్న చదివి వినిపించే మనిషిని అడిగారా, ఏమీ రాయలేదు. అడగకుండానే స్కూల్ ఒప్పుకోదని తేల్చేసుకునే తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను, మీరూ అదే చేస్తుంటే వెంటనే మానుకోండి. 1963లో చికాగోలో శామ్యూల్ కిర్క్ అనే అమెరికా మనస్తత్వవేత్త 'లర్నింగ్ డిజెబిలిటీస్' (అభ్యసన లోపాలు) అన్న మాటని అందరి ముందు పెట్టింది పిల్లల తల్లిదండ్రుల సభలోనే, ఆ తల్లిదండ్రులే సంఘంగా ఏర్పడి తమ పిల్లల కోసం అడగడం మొదలుపెట్టారు. అడగాల్సింది మీరు, ఇరవై ఏళ్ల అమ్మాయి కాదు. మీరు ఆ పని చేయకుండా భారం తన మీద ఉంచి, తర్వాత తను జాలితో జీవితం పాడుచేసుకుంటుందేమోనని బాధపడటం న్యాయం కాదు.

బాబు సంగతికొస్తే ఏడో తరగతి ఆలస్యం కాదు. చిన్నప్పుడే మొదలుపెడితే తేలిక, అంతే, పెద్ద పిల్లలు కూడా సరైన బోధన దొరికితే మెరుగవుతారు, నిదానంగా చదివినా అర్థం చేసుకుని చదివే స్థాయికి చాలామంది చేరతారు. తెలివికీ దీనికీ సంబంధం లేదని మీకు చాలామంది చెప్పే ఉంటారు, నేనూ అదే చెబుతున్నాను, నమ్మండి. అయితే చదవడం మెరుగయ్యేదాకా సైన్సు, సోషల్ ఆగిపోకూడదు. పాఠాన్ని పైకి చదివి వినిపించే యాప్‌లు ఫోన్‌లోనే ఉంటాయి, వాటితో విననివ్వండి, జవాబు నోటితో చెప్పనివ్వండి. వింటే బద్ధకం వస్తుందని ఎవరో అంటారు, పట్టించుకోకండి. చదవడం నేర్పే పని మాత్రం బయటి టీచర్‌కి అప్పగించండి. రోజంతా స్కూల్లో ఓడిపోయి ఇంటికొచ్చిన పిల్లవాడికి అక్క కూడా టీచరైపోతే ఇక ఇంట్లో ఆడుకోవడానికి, పోట్లాడుకోవడానికి ఎవరున్నారు?

అమ్మాయిని దరఖాస్తు పెట్టేముందు కొన్ని వారాలు ఏదైనా స్కూల్ రిసోర్స్ గదిలో కూర్చోనివ్వండి, పాఠం చెప్పక్కర్లేదు, టీచర్ ఏం చేస్తోందో చూసి రాసుకుంటే చాలు. తమ్ముడు కాని పిల్లల మధ్య కూర్చున్నప్పుడు ఈ పని మీద తనకున్నది ఆసక్తా, ఇంటి బాధ్యతా అన్నది తనకే తేలుతుంది. ఆ వారాల్లోనే మీరు బాబు రిపోర్టు పట్టుకుని క్లాస్ టీచర్‌ని కలవండి, అడిగినవి రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. రిపోర్టు మరీ పాతదైతే మళ్లీ అసెస్‌మెంట్ చేయించండి. అమ్మాయి తిరిగొచ్చి ఇదే చదువుతానంటే ఫారం నింపించండి, సెంటర్ మాట మాత్రం ఇప్పుడప్పుడే ఎత్తకండి.