సైకిల్ వెనక హబ్ మూడు నెలలకే గరగరమంటే

కొత్త హబ్ (ఇరుసు చుట్టూ తిరిగే చక్రం మధ్య భాగం) మూడు నెలలకే గరగరమంటోందంటే, కోన్ (ఇరుసుకు ఎక్కి బాల్ బేరింగ్‌లను నొక్కి ఉంచే శంకువు ఆకారపు నట్టు) మరీ బిగుసుకుపోయి ఉండొచ్చు. ఖరీదైనది కొనే ముందు ఇది చూడండి.

1. ఇరుసు విప్పండి. కోన్ మీద బాల్స్ నడిచే చోట గుంతలు పడితే కోన్లు, బాల్స్ రెండూ మార్చి కొత్త గ్రీజు పెట్టండి. వెనక మామూలుగా పావు అంగుళం బాల్స్, ఒక్కో పక్కకు 9.

2. చాలామంది వదిలేసేది ఇదే. లాక్ నట్టు (కోన్ కదలకుండా దాని బయట పక్కన ఉండే నట్టు) బిగిస్తుంటే దాంతోపాటే కోన్ కూడా తిరిగి బిగుస్తుంది. సన్న పానాతో కోన్‌ను కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో నట్టు బిగించాలి. తర్వాత ఇరుసును వేళ్లతో తిప్పండి. గరగర ఉండొద్దు, ఊగొద్దు. నాకైతే నాలుగోసారికి గానీ కుదరలేదు. క్విక్ రిలీజ్ (లివర్‌తో చక్రం ఊడదీసే రకం) అయితే రవ్వంత వదులు ఉంచండి, లివర్ మూస్తే అది పోతుంది.

3. హబ్ లోపల బాల్స్ కూర్చునే కప్పులోనే గుంతలుంటే కొత్తది కొనక తప్పదు. ముందు స్పోకుల రంధ్రాలు లెక్కపెట్టండి, లాక్ నట్ల బయటి అంచుల మధ్య కొలవండి. గేర్ల ఎంటీబీకి (మౌంటెన్ బైక్‌కు) తరచుగా 135 మి.మీ. ఉంటుంది.

తక్కువ ధరలో అయితే కోన్లు విడిగా దొరికే హబ్బే తీసుకోండి. హన్మకొండ వానల్లో రోజూ నీళ్లలో తొక్కేవారైతే సీల్డ్ బేరింగ్‌ది (బాల్స్ లోపలే మూసి ఉన్న బేరింగ్) మేలు. పాడైతే దాని మీది నంబర్ చూపించి బేరింగ్ ఒక్కటే మార్పించుకోవచ్చు.