మాప్ తక్కువైందని చెప్పడం తప్పా?

ప్రశ్న: నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయిని. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, రిజిస్ట్రేషన్ రాగానే ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) చేరాను. రెండు నెలలైంది. మొన్న ఒక పొట్ట ఆపరేషన్‌లో కుట్లు వేయబోతుండగా మాప్ (లోపల రక్తం అద్దడానికి వాడే గుడ్డ) ఒకటి తక్కువగా ఉందని చెబితే డాక్టరు గారు అందరి ముందూ కసురుకున్నారు. చివరికి అది బకెట్ అడుగున దొరికింది. నా వల్ల పావుగంట వృథా అయిందన్నారు. వార్డుకు మారిపొమ్మని మా అమ్మ పట్టుబడుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: మాప్ బకెట్‌లో దొరికింది కనుక మీ లెక్క తప్పిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. బల్ల మీద ఒకటి తక్కువగా ఉందన్నారు, అది నిజంగానే బల్ల మీద లేదు. అంటే మీ లెక్క సరిగ్గానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టు ప్రకారం, రోగిని థియేటర్ నుంచి బయటకు తీసుకెళ్లకముందే పరికరాలు, మాప్‌లు, సూదుల లెక్క సరిపోయిందని నర్సు పైకి చెప్పాలి. కాబట్టి మీరు చేసింది అతిజాగ్రత్త కాదు, మీ ఉద్యోగం.

అయితే ఆ పావుగంట ఎక్కడ పోయిందో చూడండి. వాడిన మాప్‌లు బకెట్‌లోనే కుప్పగా పడి ఉండటం వల్ల పోయింది. సర్క్యులేటింగ్ నర్సు (పరికరాలు అందించే నర్సుకు బయట నుంచి సాయపడే నర్సు) వాటిని ఎప్పటికప్పుడు ఫోర్సెప్స్‌తో (పట్టుకారుతో) తీసి, ఒక షీటు మీద ఐదేసి చొప్పున విడివిడిగా పరిచి, బోర్డు మీద రాస్తూ ఉంటే వెతుకులాట ఉండదు. కోతకు ముందు, పొట్ట మూసే ముందు, చర్మానికి కుట్లు వేసే ముందు ఇద్దరు నర్సులూ కలిసి, ప్రతి మాప్‌ను విడదీసి చూస్తూ, పైకి లెక్కపెట్టాలి. మధ్యలో డ్యూటీ మారితే మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి. అప్పటికీ దొరక్కపోతే ఎక్స్‌రే తీయించాలి. మాప్‌లో ఎక్స్‌రేకు కనబడే దారం నేసి ఉండేది అందుకే. జరిగినదంతా రికార్డులో రాయడం మరవకండి.

చెప్పే తీరు కూడా ముఖ్యం. డాక్టరు గారు కుట్లు వేసే దారం అడిగేదాకా ఆగకుండా, తేడా కనబడగానే, "సర్, ఒక మాప్ రాలేదు, మూయకండి, వెతుకుతున్నాం" అని సంజాయిషీ లేకుండా చెప్పండి. మీ గ్లవ్ స్టెరైల్ (క్రిములు లేకుండా శుద్ధి చేసినది) కాని దేనికైనా తగిలిందని అనుమానం వచ్చినా అంతే: ఎవరూ చూడకపోయినా చెప్పి మార్చుకోవాలి.

పరికరాల పేర్లు, సైజులు రోజూ చేస్తుంటే చేతికి అవే వస్తాయి. నేనూ కొత్తలో 2-0 దారం అడిగితే 3-0 అందించి మాటలు పడ్డదాన్నే. సున్నా ముందు అంకె పెరిగితే దారం సన్నబడుతుందన్నది ఆ తిట్టుతోనే గుర్తుండిపోయింది.

మీ అమ్మగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. చదువు అవుతూనే ఓటీలో చేరినవారికి, మత్తు దిగాక రోగి పరిస్థితి ఎలా మారుతుందో చూసే అవకాశం తక్కువ. వార్డుకు మారకుండానే, నెలలో కొన్ని రోజులు రికవరీ గదిలో డ్యూటీ వేయమని ఇన్‌ఛార్జి సిస్టరును అడగండి. వెన్నుకు మత్తు ఇస్తున్నప్పుడు భయంతో బిగుసుకుపోయే రోగికి తెలుగులోనో ఒడియాలోనో ధైర్యం చెప్పగల నర్సు మీ ఊరి థియేటర్‌కు ఎంతో అవసరం. కొంత అనుభవం వచ్చాక, ఆపరేషన్ రూమ్ నర్సింగ్‌లో ఏడాది పాటు ఉండే పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయవచ్చు. ముందుగా, బకెట్ పక్కన షీటు పరిచే పద్ధతి గురించి ఇన్‌ఛార్జి సిస్టరుతో తర్వాతి ఆపరేషన్ లోపే మాట్లాడండి.