ఊరికి దూరంగా పెళ్లి పెట్టుకుంటే, వచ్చే బంధువుల ఖర్చు తగ్గించడమెలా?

తేదీ, ఊరు కనీసం మూడు నెలల ముందే చెప్పేయడం, రైలు నేరుగా వెళ్లే చోటే పెళ్లి పెట్టుకోవడం: అతిథుల ఖర్చును అన్నిటికంటే ఎక్కువగా తగ్గించేవి ఈ రెండే.

ఎందుకంటే రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది (2024 నవంబరు 1కి ముందు అది 120 రోజులు, చాలామంది ఇంకా పాత లెక్కలోనే ఉన్నారు). మంచి ముహూర్తం రోజున పెళ్లి మీ ఒక్కరి ఇంట్లోనే ఉండదు. శుభలేఖ ఇరవై రోజుల ముందు చేతికొస్తే స్లీపర్ బెర్తు దొరకదు. ఇక తత్కాలో, కారు అద్దెకో డబ్బు పోయాల్సిందే.

హైదరాబాద్ వాళ్లు అన్నవరంలో పెళ్లి చేస్తున్నారనుకోండి. అన్నవరంలోనే స్టేషన్ ఉంది. అక్కడ ఆగని రైలైతే తునిలోనో సామర్లకోటలోనో దిగొచ్చు. బుకింగ్ తెరుచుకునే రోజు, దిగాల్సిన స్టేషన్, అక్కణ్ణుంచి కొండ మీదికి మీరు పెట్టే బస్సు టైము, గది ఎప్పటివరకు ఉంటుందో వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌గా పంపండి. రాత్రి ముహూర్తమైతే తెల్లారాక స్నానం చేసి బయల్దేరేదాకా గది ఉంచడం మరవద్దు. పెద్దవాళ్లకు అది చాలా అవసరం.

"గది, భోజనం మావే కదా, వాళ్లకు ఖర్చేముంది?" అనుకోవడమే అందరూ చేసే పొరపాటు. నలుగురున్న ఇంటికి రానుపోను ఎనిమిది టికెట్లు. పైగా సెలవులు, చదివింపులు. మెహందీకి ఒక రంగు, సంగీత్‌కి ఇంకో రంగు బట్టలని అడగడం కూడా వాళ్ల జేబు మీద భారమే.