దవాఖాన సేవలపై పరిశోధనకు సర్కారు సొమ్ము: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ములుగు జిల్లాలో పీహెచ్‌సీ వైద్యాధికారిని. బీపీ గోలీలు ఉచితంగానే ఇస్తున్నాం. అయినా మూడు నాలుగు నెలలకే చాలామంది రావడం మానేస్తున్నారు. దీనిపై పరిశోధనకు కేంద్రం నిధులిస్తుందా? ఎలా అడగాలి?

జవాబు: ఇస్తుంది. కేంద్రం తరఫున వైద్య పరిశోధనకు నిధులిచ్చే సంస్థ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి). దాని నిధులు కొత్త మందులు, టీకాల కోసమే అనుకోవద్దు. ఉన్న చికిత్స జనానికి ఎందుకు అందడం లేదో తేల్చే పనికీ ఇస్తారు. దాన్ని ఇంప్లిమెంటేషన్ రీసెర్చ్ అంటారు. మీ సమస్యకు దగ్గరి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ (బీపీ అదుపు కార్యక్రమం) 2017లో మొదలైనప్పుడు తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో కొత్త మందేమీ లేదు. అందరికీ ఒకే చికిత్సా క్రమం, ఇంటికి దగ్గర్లో గోలీలు, రాని వాళ్లను వెతికి పిలవడం, అంతే.

దరఖాస్తు కంటే ముందు మీ రిజిస్టర్ తీయండి. గత 12 నెలల్లో నమోదైన వాళ్లెందరు, చివరిసారి వచ్చినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లెందరు, మూడు నెలలుగా అసలు రానివాళ్లెందరు? ఈ మూడు అంకెలు లేని ప్రతిపాదనకు బలం ఉండదు. "బీపీ రోగుల్లో మందుల వాడకంపై అధ్యయనం" అని రాస్తే ఏం తేలుస్తారో ఎవరికీ అర్థం కాదు. "గోలీలు పీహెచ్‌సీలో కాకుండా సబ్ సెంటర్‌లోనే ఇస్తే, మూడు నెలలుగా రానివాళ్ల శాతం ఎంత తగ్గుతుంది?" అని రాయండి. జవాబు అంకెలో రావాలి, ఆ అంకెను చూసి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఒక నిర్ణయం తీసుకోగలగాలి.

తర్వాత శాంపిల్, అంటే అధ్యయనంలో ఎంతమందిని చూడాలన్నది. ఎంతమంది మానేస్తున్నారో ముందుగా అంచనా లేకపోతే 50 శాతం అనుకుని, 5 శాతం అటూ ఇటూ తేడాకు ఒప్పుకుంటే 384 మంది కావాలి. అయితే ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. అదే ఆశా కార్యకర్త, స్టాకు లేకపోతే అందరికీ లేనట్టే. అందుకని ఊళ్లవారీగా ఎంపిక చేసేటప్పుడు 1.5తో గుణిస్తే 576 అవుతుంది. పదో వంతు మంది దొరకరని లెక్కేస్తే 640. ఇది ఒక శాతాన్ని కొలవడానికి సరిపోయే లెక్క మాత్రమే. రెండు పద్ధతులను పోల్చాలంటే సబ్ సెంటర్లనే యూనిట్లుగా తీసుకుని వేరే లెక్క వేయాలి. అక్కడ సబ్ సెంటర్ల సంఖ్య తక్కువైతే ఒక్కోచోట ఎంతమందిని చేర్చినా పెద్దగా లాభం ఉండదు. చాలా ప్రతిపాదనలు ఇక్కడే పడిపోతాయి. ఒక స్టాటిస్టీషియన్‌ను రాసేటప్పుడే కూర్చోబెట్టుకోండి, డేటా వచ్చాక పిలిస్తే ఆయన చేయగలిగేది తక్కువ.

ఒంటరిగా వెళ్లొద్దు. కాకతీయ మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం లాంటి చోట ఒక అధ్యాపకుడిని ప్రధాన పరిశోధకుడిగా పెట్టుకుని మీరు సహ పరిశోధకుడిగా ఉండండి. మీకు బదిలీ అయినా పని ఆగదు, పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని లేదని చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ కూడా అక్కడే దొరుకుతుంది. డబ్బు ఎలాగూ సంస్థ ఖాతాకే వస్తుంది, వ్యక్తికి రాదు. దరఖాస్తు ఐసీఎంఆర్ ఈ-పీఎంఎస్ పోర్టల్‌లో, ప్రకటన వచ్చినప్పుడు వేయాలి. డీఎంహెచ్‌ఓ అనుమతి పత్రం, తెలుగు సమ్మతి పత్రం ప్రకటన రాకముందే సిద్ధం చేసుకోండి. సమ్మతి పత్రం కోయ గూడేల్లో చదివి వినిపించే మనిషి ఎవరో కూడా రాయండి. సేవ ఇచ్చే పద్ధతిని మార్చి ఫలితం చూసే అధ్యయనమైతే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ)లో నమోదు చేయాలి. అది ఉచితం.

బడ్జెట్‌లో గోలీల ఖర్చు పెట్టొద్దని మా గట్టి సలహా. ప్రాజెక్టు డబ్బుతో కొన్న గోలీలు ప్రాజెక్టుతోనే ఆగిపోతాయి, మీరు తేల్చిందీ నిలవదు. ప్రభుత్వ సరఫరాతోనే చేసి చూపాలి. మనుషుల జీతాలు ఐసీఎంఆర్ పట్టిక ప్రకారమే వేయండి. ప్రయాణ ఖర్చు మాత్రం తగ్గించి రాయకండి. వానాకాలంలో జంపన్న వాగు పొంగితే రాకపోకలు ఆగుతాయి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో సిబ్బందంతా అక్కడే డ్యూటీలో ఉంటారు. ఈ రెండు కాలాల్లో ఇంటింటి సర్వే పెట్టుకుంటే గడువు దాటుతుంది.

మంజూరయ్యాక చిక్కు లెక్కల దగ్గర. నవంబర్‌లో డబ్బు వస్తే మార్చి 31కి మిగిలేది అయిదు నెలలే. అప్పుడు నియామక ప్రకటన రాయడం మొదలుపెడితే ఖర్చు కాని డబ్బు మిగిలిపోతుంది, తర్వాతి విడత ఆలస్యమవుతుంది, ఈలోగా ఫీల్డ్ సిబ్బందికి జీతం ఆగుతుంది. జీతం లేక వాళ్లు వెళ్లిపోతే సగం ఊళ్లు తిరిగిన సర్వే అక్కడే ఆగుతుంది. అందుకే నియామక ప్రకటన ముసాయిదా ముందే ఉండాలి. డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రాన్ని కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో ఇవ్వాలి. నిధి మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీది కాదు, కేంద్రానికి తిరిగి కట్టాలి.

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో సంవత్సరం, వరంగల్. విద్యార్థులకు ఏమైనా ఉందా?

జవాబు: ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. రెండు నెలల పని. స్టైపెండ్ ముందు రాదు, నివేదిక ఆమోదం పొందాకే వస్తుంది. ఒక గైడ్ ఏడాదికి ఒక్క విద్యార్థినే తీసుకోగలరు కాబట్టి ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఓపీలో చీటీ తీసుకున్నప్పటి నుంచి డాక్టరును కలిసేదాకా ఎంతసేపు పడుతోందన్నలాంటి చిన్న ప్రశ్నే రెండు నెలల్లో పూర్తవుతుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో మాది స్వచ్ఛంద సంస్థ. మేమూ అడగొచ్చా?

జవాబు: కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) నుంచి సైరో గుర్తింపు, అంటే పరిశోధన సంస్థగా గుర్తింపు ఉంటే అడగొచ్చు. లేకపోతే మెడికల్ కాలేజీతో కలిసి వెళ్లండి.

ప్రశ్న: జగిత్యాల నుంచి. మా జిల్లాల్లో ఆపరేషన్ కాన్పులు ఎక్కువంటారు. దీనిపై ప్రభుత్వ డబ్బుతో జరిగిన పరిశోధనల్లో ఏం తేలిందో మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఎక్కువన్నది నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. అలాంటి అంకె ఉన్నచోట పరిశోధన ఏం చెప్పిందో అడిగే హక్కు ప్రజలకు పూర్తిగా ఉంది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. కేంద్ర సంస్థలకు ఆన్‌లైన్‌లోనే పంపొచ్చు. "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడగాలి. ఫలానా ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వు, వినియోగ ధ్రువపత్రం, తుది నివేదిక నకళ్లు అని ఒక్కొక్కటీ పేరుతో రాయండి. రోగుల పేర్లు, వివరాలు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి.