ముల్లు ఊగితే మీటరు మార్చకండి

ప్రశ్న: మా పాత కారులో 30 నుంచి 50 మధ్య స్పీడోమీటర్ ముల్లు ఆగకుండా ఊగుతోంది. 60 దాటితే కాస్త కుదురుకుంటుంది. మీటరు మార్చాలా? ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే సరిపోదా?

జవాబు: ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లలో కొందరు అప్పటికే మీటరు మార్చేసి, కొత్తదాన్లోనూ ముల్లు ఊగుతోందని వాపోతున్నవాళ్లు. చాలాసార్లు తప్పు మీటరుది కాదు, దాన్ని తిప్పే కేబుల్‌ది.

గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా పైన అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం గిన్నెను తనతో లాగబోతే, సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. 1902లో ఒట్టో షుల్జ్ పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇది. ఎండిపోయిన కేబుల్ తొడుగులో ఎక్కడో పట్టేసి, మెలి తిరిగి, ఒక్కసారిగా విడుస్తుంది. ముల్లు ఆ కుదుపులనే చూపిస్తోంది.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, మీటర్ బోర్డు ముందుకు లాగి, వెనక క్లిప్పు నొక్కి గానీ నట్టు విప్పి గానీ కేబుల్ విడదీయండి. లోపలి తీగ పైనుంచి రాకపోతే గేర్‌బాక్స్ వైపు నుంచి తీయాలి. అప్పుడు జాకీ ఒక్కటే నమ్ముకుని కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. తీగను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని ఉయ్యాలలా వేలాడదీయండి. ఒక కొసను వేళ్ల మధ్య మెల్లగా తిప్పితే రెండోదీ అంతే మెల్లగా తిరగాలి. కాసేపు మొండికేసి టక్కున గెంతిందా, తీగ వంగిపోయినట్టే. దానికి ఎంత గ్రీజు రాసినా దండగే, కొత్తది వేయండి.

బాగుంటే పల్చటి గ్రీజు వేళ్లతో పూయండి, మీటరు వైపు 15 సెంటీమీటర్లు మాత్రం పొడిగా వదిలేయండి. తిరుగుతున్నకొద్దీ గ్రీజు పైకి పాకుతుంది. అది మీటరులోకి చేరితే అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య జిగురులా పట్టి, ముల్లు ఎగిరి చివరి అంకె దగ్గర కూర్చుంటుంది. మీటరులోకి నేరుగా స్ప్రే కొట్టేవాళ్లకు చేతులెత్తి దండం. తీగ పల్చటి నూనెలో తడిసి వస్తే గేర్‌బాక్స్ దగ్గరి సీలు పోయిందని అర్థం, ముందు దాన్ని మార్చండి. బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా బిగుతుగా వంగకూడదు. ఇంతా చేశాక కూడా ఊగితే అప్పుడు మీటరు సంగతి చూడొచ్చు. దాన్ని రిపేరుకిచ్చే ముందు తిరిగిన కిలోమీటర్ల అంకె రాసిపెట్టుకోండి.

కేబుల్ లేకుండా సెన్సర్‌తో నడిచే కార్లకు దారి వేరు. కారు లోపాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో డాంగిల్ (కారు వివరాలను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో వేగం చూడండి. అక్కడ అంకె నిలకడగా ఉండి ముల్లు మాత్రమే ఊగితే లోపం మీటర్ బోర్డులో, ముఖ్యంగా ఎర్త్‌లోనో సోల్డర్‌లోనో ఉంటుంది. రెండూ ఊగితే సెన్సర్ లేదా దాని కనెక్టర్.

నాకు భయం ఆ తర్వాతి సంగతే. పరీక్ష అయిపోతుంది, డాంగిల్ మాత్రం నెలల తరబడి అక్కడే ఉంటుంది. ఆ సాకెట్‌లోని 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, అంటే కారు తాళం వేసినా చాలా డాంగిళ్లు మేలుకునే ఉంటాయి. చౌక బ్లూటూత్ డాంగిళ్లలో చాలావాటికి ఫోన్ కలిపే రహస్య సంఖ్య (పిన్) 1234 లేదా 0000. కొన్నిటికి అదీ ఉండదు. పక్కన నిలబడినవాడు తన ఫోన్ కలుపుకోవచ్చు. ఆ సాకెట్ చదవడానికే కాదు, చాలా కార్లలో కంప్యూటర్లకు ఆదేశాలు పంపడానికీ దారే. ఇంటి వైఫైకి పెద్ద పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లు కారుకు తలుపే లేకుండా వదిలేస్తున్నారు. ఇలాంటి పిన్‌తో సరుకు అమ్మేవాళ్లనేమనాలి?

యాప్‌ల తీరూ అంతే. వేగం చూపడానికి లొకేషన్ చాలు, అదీ యాప్ వాడుతున్నంతసేపే. కాంటాక్టులు, మైక్ అడిగేదాన్ని వెంటనే తీసేయండి. జీపీఎస్ వేగం కాస్త ఆలస్యంగా మారుతుంది, సొరంగంలో పోతుంది. రెండు రోజులకైతే సరే, మీటరుకు బదులు కాదు.

ఇక తెర మీద గీసిన ముల్లు ఉన్న కొత్త కార్లంటారా, అందులో ఊగడానికి ముల్లే లేదు. ఒక అప్‌డేట్ బెడిసికొడితే వేగం, ఇంధనం, హెచ్చరిక దీపాలు అన్నీ ఒకేసారి నల్లబడొచ్చు. గ్రీజుతో తేలే పని కాదది.

మీ కారు కేబుల్‌దే అనిపిస్తోంది, కాబట్టి డాంగిల్ కొననక్కర్లేదు. ఇప్పటికే ఎవరి సలహాతోనో ఇంకో కారుకు పెట్టి ఉంటే ఇవాళే పీకేసి, ఫోన్ బ్లూటూత్ జాబితాలోంచి దాని పేరు కూడా చెరిపేయండి.