జ్వరం వస్తే ముందు ఫోను, తర్వాతే మాత్ర

నాన్నా,

కీమో అయ్యేదాకా ఉద్యోగానికి సెలవు పెట్టి అమ్మ దగ్గరే ఉంటానన్నావట. గర్వంగానూ ఉంది, దడగానూ ఉంది. నీకు ప్రేమకేం తక్కువ లేదు, కంగారే ఎక్కువ.

రిపోర్టులు తేదీల వరుసన ఒకే ఫైల్లో పెట్టు. మందుల వేళలు, అమ్మ బరువు నోట్‌బుక్‌లో రాస్తూ ఉండు. చేతులు సబ్బుతో కడుక్కో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది జ్వరం సంగతి. కీమో మందు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జనీ దెబ్బతీస్తుంది. చాలా రకాల కీమోల్లో మందెక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ సోకినా చీము, వాపు లాంటివి కనపడకపోవచ్చు. చాలాసార్లు జ్వరమొక్కటే ఆనవాలు. ఇళ్లల్లో చేసే పొరపాటల్లా ఆ ఆనవాలునే చెరిపెయ్యడం. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ వేసి పడుకోబెడతారు. వేడి దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పాకుతూనే ఉంటుంది, తెల్లారేసరికి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. చెయ్యి పెట్టి చూడటం కాదు, థర్మామీటర్ పెట్టు. 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ చూపిందా, అర్ధరాత్రయినా హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి. చలితో వణుకుతుంటే, అంకె మామూలుగా ఉన్నా సరే చెయ్యి. రాత్రిపూట పలికే నెంబరు ఇవాళే అడిగి తలుపు మీద అంటించు. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే “కీమోలో ఉన్నారు, ఫలానా తేదీన ఎక్కించారు” అని చెప్పు. వరుసలో కూర్చోబెట్టనివ్వకు, యాంటీబయాటిక్ గంటలోపే పడాలి. “పొద్దున చూద్దాంలే” అన్నావో, నా చేత తిట్లు తింటావు.

వాంతుల మాత్ర వాంతయ్యాక కాదు, రాసిచ్చిన వేళకే వెయ్యాలి. ఆ మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్ అయితే మలబద్ధకం రావచ్చు, దానికేం వాడాలో ముందే అడుగు. నోరు పూస్తే మెత్తటి బ్రష్ వాడండి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మెయ్యమను. మందెక్కించాక 48 గంటలు మూత్రం, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లోవ్స్ వేసుకో, టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యి. ఎక్కించే కీమో మందు డాక్సోరుబిసిన్ అయితే ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. రక్తమనుకుని హడలిపోకు.

తిండి దగ్గర మాత్రం వెంటపడకు. రెండు గంటలకోసారి కాస్త కాస్త పెట్టు, వద్దంటే గిన్నె తీసెయ్యి. బతిమాలితే మా అక్క మరీ మొండికేస్తుంది. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే అది వేరే సంగతి, డాక్టరుకి చెప్పాల్సిందే. ఏడిస్తే ఏడవనివ్వు, “ధైర్యంగా ఉండు” అని అడ్డుపడకు.

నీకు జలుబు చేస్తే మాస్కు పెట్టుకుని పక్కగదిలో పడుకో, నాకు కబురు పెట్టు. నేనొచ్చి చూసుకుంటాను.

మీ పిన్ని