సినిమాలకు చరిత్ర సలహాదారు... తిండి గడుస్తుందా?

ప్రశ్న: బీఏ హిస్టరీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల మీద తీసిన ‘గ్లోరీ’ చూశాక, అందులో ఎంత నిజమో వెతకడం మొదలుపెట్టాను. సినిమాలకు చరిత్ర సలహాదారుగా పనిచేయాలనుంది. నాన్న ‘తిండి గడుస్తుందా?’ అంటున్నారు.
- ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ నాన్నగారి టెన్షన్‌లో అర్థముంది. ఇది నెలనెలా జీతం వచ్చే కొలువు కాదు, ఒక్కో ప్రాజెక్టుకు మాట్లాడుకునే పని. అందుకని ముందు ఎంఏ హిస్టరీ చేయండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా వస్తుంది. తర్వాత నెట్ అర్హత పరీక్ష రాసుకుంటే లెక్చరర్ దారి తెరిచే ఉంటుంది.

ఇక మీరు వెతుకుతున్న సంగతి. 1989లో వచ్చిన ఆ సినిమాలో నల్లజాతి సైనికుల దళం 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ 1863 జూలై 18న దక్షిణాది సైన్యం చేతిలోని కోట ఫోర్ట్ వాగ్నర్ మీద దాడికి వెళ్తుంటే సముద్రం ఎడమ పక్కన కనిపిస్తుంది. నిజానికి అది కుడి పక్కన ఉండాలి. నన్నడిగితే అలాంటివి వదిలేయొచ్చు. కొరడా దెబ్బల సీన్‌ను మాత్రం అంత తేలిగ్గా వదల్లేం, ఆ శిక్షను సైన్యంలో 1861లోనే రద్దు చేశారు. డెంజెల్ వాషింగ్టన్‌కు ఆస్కార్ తెచ్చిన పాత్రలో అందరికీ గుర్తుండిపోయిన సీన్ అదే కాబట్టి, తీసేయమంటే ఏ దర్శకుడూ ఒప్పుకోడనుకోండి!

అసలు తేడా ఇంకో చోట ఉంది. సినిమాలో ఎక్కువమంది పారిపోయి వచ్చిన బానిసలు. నిజంగా ఆ రెజిమెంట్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల్లో స్వేచ్ఛగా బతికినవాళ్లు. బానిసత్వం రద్దుకు పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులిద్దరు, లూయిస్, చార్లెస్, అందులోనే పనిచేశారు. సైనికులను నెలకు 13 డాలర్ల జీతమని చెప్పి చేర్చుకుని, చివరికి 10 అన్నారు, అందులోనూ బట్టలకని 3 కోశారు. సినిమాలో ఇది జీతం చీటీలు చించే ఒక్క సీన్‌తో అయిపోతుంది. వాళ్లు మాత్రం ఏడాదికి పైగా జీతమే ముట్టలేదు. తక్కువైనది మేమిస్తామని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. 1863 సెప్టెంబరులో జేమ్స్ హెన్రీ గూడింగ్ అనే కార్పొరల్ నేరుగా లింకన్‌కే ఉత్తరం రాశాడు. అధ్యక్షుణ్ని నిలదీసి రాయగల మనిషిని, రెజిమెంట్‌ను నడిపే తెల్లజాతి కల్నల్ అన్నీ నేర్పితే తప్ప తెలియనివాడిగా చూపిస్తే పాత్రే మారిపోతుంది. సలహాదారు స్క్రిప్టు దశలోనే చెప్పాల్సిన మాట ఇది. షూటింగ్ రోజు చెబితే ఎవరూ వినరు.

ఇప్పుడే మొదలుపెట్టాలంటే, ఆ సైనికుల సర్వీసు రికార్డులు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఒక్క సైనికుణ్ని పట్టుకోండి. వయసు, చేసిన పని, చేరిన తేదీ, జీతం లెక్క, అన్నీ కలిపి నాలుగు పేజీలు రాయండి. డాక్యుమెంటరీ తీసేవాళ్లకు పని అడుగుతూ పంపే మెయిల్‌కు సర్టిఫికెట్ల కంటే ముందు అవి జతచేయండి. తర్వాత మన తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. అక్కడ నిజాం కాలం కాగితాలు చాలావరకు ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. ఈ సెలవుల్లోనే ఉర్దూ అక్షరాలు దిద్దడం మొదలుపెడితే మంచిది.

ఆ నాలుగు పేజీలు మొదట మీ నాన్నగారికే చదివి వినిపించండి. ‘ఇది నీకెలా తెలుసు?’ అని ఆయన ఆపిన ప్రతిచోటా పక్కన ఆధారం రాసుకోండి.